గనిలోనున్న నడకదారి రహదారిపై లేదు

ఏటేట చైత్ర పూర్ణిమ సమీపించుసరికి ఉత్తర తెలంగాణమున రహదారులు కాషాయవర్ణము దాల్చును. మరల వైశాఖ బహుళ దశమికి ముందును అట్లే జరుగును. మొదటిది చిన్న జయంతి, రెండవది పెద్ద జయంతి యని జనుల వాడుక. 41 దినములో, 21 దినములో, అంతయు సాగనివారు 11 దినములో ఆంజనేయదీక్ష పూని, మెడలోని మాలను కొండగట్టున స్వామిసన్నిధిని విరమించుట ఆచారము. కరీంనగరము, పెద్దపల్లి, జగిత్యాల, మంచిర్యాల ప్రాంతములనుండి వేలకొలది జనులు బండ్లెక్కక కాలినడకనే పోవుదురు. ఉత్సవము ముగిసిన మరునాడు పత్రికలలో వచ్చు వృత్తాంతము ఎప్పుడును ఒక్కటే: ఎందరు దర్శించిరి, ఎన్ని గంటలు వరుసలో నిలిచిరి, హుండీ యెంత పండెను. కొండమీది కాసునకు లెక్క కలదు. త్రోవలోని మనుష్యునకు లెక్క లేదు. ఎందరు బయలుదేరిరో, ఎందరు వడదెబ్బకు నడుమ కూలబడిరో, ఎందరిని లారీలు రాచుకొనిపోయెనో చూపు చిట్టా మాకెచ్చటను కానరాలేదు.

కొండమీద వ్యయము చేయుటకు ప్రభువులు వెనుదీయుచున్నారని యెవరును అనజాలరు. 2022 డిసెంబరులో నాటి ముఖ్యమంత్రి జగిత్యాలలో ఈ క్షేత్రమునకు 100 కోట్ల రూపాయలు ప్రకటించిరి. 2023 ఫిబ్రవరిలో కొండకు స్వయముగా వచ్చి మరి 500 కోట్లు ప్రకటించిరి. ప్రకటనకును వ్యయమునకును నడుమగల దూరము ఒక్కొక్కప్పుడు కాలినడక దూరముకంటె హెచ్చుగా నుండుట మన పాఠకులకు క్రొత్త కాదు, అది యటుండనిండు. మేము చెప్పదలచినది వేరు. ఆ ప్రణాళికలన్నియు కొండ మొదట ప్రారంభమై కొండ తుదనే ముగియును. యాత్ర మాత్రము కొండ మొదట ప్రారంభము కాదు. అది భక్తుని గడపలో ప్రారంభమగును.

మంచిర్యాల జిల్లాలోని శ్రీరాంపూరును దృష్టాంతముగా తీసికొందము. ఇది గోదావరికి ఉత్తరపుటొడ్డున సింగరేణి బొగ్గుగనుల నడుమ పెరిగిన ఊరు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనిది. 2016 అక్టోబరులో మంచిర్యాల జిల్లా యేర్పడగా అందు చేరినది. ఇచ్చటి బ్రదుకు గంట కొట్టినట్లు మూడు షిఫ్టులుగా నడచును. భూగర్భములో దిగువారు కొందరు, ఓపెన్‌కాస్టు గుంతలో పనిచేయువారు కొందరు, కాంట్రాక్టు కూలీలు కొందరు. దీక్షాకాలమున వీరిలో ననేకులు మాల వేసికొందురు. దీక్షితుడు పాదరక్షలు తొడుగరాదు. గనిలో బూట్లు, తలకు టోపీ లేనిదే దిగనీయరు. కావున గనిముఖమున బూట్లు తొడిగి దిగుట, షిఫ్టు ముగిసి పైకి వచ్చినతోడనే వాటిని విప్పి ఉత్తకాళ్లతో ఇంటికి పోవుట. ధర్మశాస్త్రమునకును గనులశాస్త్రమునకును వీరు కుదిర్చిన యీ సంధికి ఏ పండితుని వ్యవస్థయు కావలసిరాలేదు.

ఒక చైత్రమున వీరిలో ముప్పదిమందియున్న బృందముతో శ్రీరాంపూరునుండి లక్షెట్టిపేటవరకు ఒక దినము నడచితిమి. మొత్తము యాత్ర మూడు నాలుగు దినములది. మంచిర్యాల, లక్షెట్టిపేట, గూడెము గుట్ట, రాయపట్నము వంతెనమీద గోదావరి దాటి ధర్మపురి, అచ్చటినుండి జగిత్యాల, తుదకు ముత్యంపేటనుండి కొండ. మేము నడచినది మొదటి దినము మాత్రమే. అయినను త్రోవ స్వభావము తెలియుటకు ఆ దినము చాలును.

తెల్లవారుజామున మూడు గంటలకు బయలుదేరిరి. అంత తొందర యేలనన, పది దాటిన పిదప తారురోడ్డుమీద ఉత్తకాలు మోపుట శక్యము కాదు. గోదావరిలోయలో చైత్ర వైశాఖముల యెండ యెట్టిదో ఈ ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు. చీకటిలో నడచిన లారీల భయము, వెలుతురులో నడచిన యెండ భయము. వారు లారీలను ఎన్నుకొనిరి. తలపై ఇరుముడి, భుజమున దుప్పటి, చేత నొక నీళ్ల సీసా. గనిలో తలకు దీపము కట్టుకొని నడచు ఈ మనుష్యులకు రహదారిమీద దీపము లేదు. గని దీపము షిఫ్టు ముగియగానే దీపాలగదిలో అప్పగింపవలసినది గదా. ముందు నడచువాడొకడు చేతి ఫోను వెలుతురు నేలమీద త్రిప్పుచుండెను. వెనుక నడచువాని చేతనున్న యెఱ్ఱరుమాలే బృందమునకంతకును రక్షణ.

దీక్షలో నొక గొప్పతనమున్నది, దానిని చెప్పకుండుట అన్యాయము. అందఱును అందఱికిని “స్వామీ” యే. ఆ ముప్పదిమందిలో పదవీ విరమణ చేసిన మైనింగు సర్దారొకడు, అతని క్రింద పనిచేసిన టింబర్‌మ్యాన్ ఒకడు, కాంట్రాక్టరువద్ద దినకూలికి చేయు కుఱ్ఱవాండ్రు నలుగురు, కిరాణాకొట్టు యజమాని యొకడు కలరు. ఇతర కాలములలో వీరి పిలుపులలో సారు, అన్న, ఓరి, ఏమిరా యను మెట్లన్నియు నుండును. ఇప్పుడవి లేవు. ఈ సమత్వము పదునొకండు దినముల వ్రతమే కావచ్చును గాని, ఆ పదునొకండు దినములు నిజమైనదే.

నస్పూరు దాటి మంచిర్యాల చేరువరకు రెండువైపుల దుకాణములు, వీధిదీపములు నుండుటచే భయము లేకుండెను. 2025 జనవరిలో మంచిర్యాల నగరపాలక సంస్థ యేర్పడి, నస్పూరు పురపాలకమును తనలో కలుపుకొన్నది; కావున ఆ భాగమునందు కాలిబాట వేయుట యెవరి విధియో ప్రశ్నింపనక్కరలేదు. ఊరు దాటి ముల్కల్ల, హాజీపూరు త్రోవను పట్టిన పిమ్మట నసలు రహదారి కనబడును. అది 63వ నంబరు జాతీయ రహదారి. తారు అంచున తెల్లని గీత, గీత కావల జానెడు కంకర, దానికావల పల్లము. ఆ జానెడు కంకరయే నడచువాని రాజ్యము. అచ్చట కంకర గ్రుచ్చుకొని ఉత్తకాళ్లు నిలువవు. కావున కాళ్లు తమంతతామే తెల్లగీత లోపలికి, నున్నని తారుమీదికి జరుగును. తారుమీదికి జరిగిన ప్రతిసారియు వెనుకనుండి కూత. బొగ్గుటిప్పర్లు, జయపూరు తాప విద్యుత్కేంద్రముదిక్కునుండి వచ్చు బూడిదలారీలు, ఇటుకల ట్రాక్టర్లు. ఒక లారీ మా బృందములోని చివరివాని భుజమునున్న దుప్పటిని తాకుచు పోయినది. ఆ గాలికి అతడు పల్లములో కూలబడి, లేచి, దుమ్ము దులుపుకొని, ఒక్కమాటయు అనకుండ నడచెను. వెనుక ఎవరును ఆగలేదు.

ఆ సమయమున వృద్ధుడైన ఆ సర్దారు అన్న మాటలు మాకు బాగుగ జ్ఞాపకమున్నవి. “గనిల దిగితె కప్పు చూస్తం స్వామీ, దిమ్మ చూస్తం, గాలి చూస్తం. అన్ని సక్కగుంటెనే అడుగు పెడ్తం. ఈ సడక్ మీద చూసుడు మా చేతుల లేదు. ఎన్కకెళ్లి వచ్చెటోడు మమ్ముల చూడాలె.”

ఇది సాధారణమైన నిట్టూర్పు కాదు. ఇందొక శాస్త్రమున్నది. బొగ్గుగనులలో తొట్లు లాగు హాలేజీ మార్గము వేరు, మనుష్యులు నడచు మార్గము వేరు. ఈ విభజన యెవరి దయవలననో వచ్చినది కాదు, గనుల నిబంధనలలో వ్రాసియున్న విధి. తొట్లు పోవు మార్గమున మనిషి నడువవలసివచ్చినచో, తప్పుకొని నిలుచుటకు గోడలో దూర దూరముగ గాక దగ్గరదగ్గరగ గూళ్లు తొలచి యుంచవలెను. వాటికి తెల్లసున్నము కొట్టి చీకటిలో కనబడునట్లు చేయవలెను. తొట్టి క్రింద పడి చచ్చిన కూలీలెందరో చచ్చినపిమ్మట లోకము నేర్చుకొన్న పాఠమిది. అదే బొగ్గు అదే మనిషితోకూడ భూమిపైకి వచ్చి రహదారి కెక్కునప్పుడు ఆ పాఠము మఱపునకు వచ్చుచున్నది. పాతాళమున బొగ్గునకును మనిషికిని వేర్వేరు త్రోవలు. సూర్యుని క్రింద ఇరువురకు నొక్కటే త్రోవ, అందులో మనిషికి జానెడు కంకర.

గుడిపేట ప్రాంతమునకు చేరుసరికి ఎనిమిది దాటినది. ఎడమదిక్కున శ్రీపాద యెల్లంపల్లి జలాశయము నీరు తళతళలాడుచుండెను. 20 టి.ఎం.సి.ల నీరు పట్టు జలాశయమది. 2015 నుండి దీని నీరే గొట్టములలో 100 మైళ్లకు పైబడిన దూరము పయనించి హైదరాబాదు నగరవాసుల గొంతులు తడుపుచున్నది. దానిని మేము తప్పుపట్టము; రాజధానికి దాహము కలదు. కాని ఆ నీటికి కూతవేటు దూరమున నడచుచున్నవాడు పది రూపాయల సీసా కొనుచున్నాడు. మాకు ఆ పూట నీరిచ్చినది ఒక పల్లె కుఱ్ఱవాండ్రు తాటాకుపందిరి క్రింద పెట్టిన చలివేంద్రము. కుండ, గ్లాసు, ఉప్పు వేసిన మజ్జిగ. తొమ్మిదిన్నరకు ఒక మామిడితోటలో ఆగి భిక్ష చేసిరి. దీక్షలో భోజనమునకు భిక్షయని పేరు, దినమున కొక్కపూటయే. అన్నము, పప్పు, చింతపులుసు. తోటయజమాని మోటారు వేసి అందఱి కాళ్లమీద నీరు వదలెను. అరికాళ్లు బొబ్బలెక్కినవారు నలుగురు; ఒక కుఱ్ఱవానికి గాజుపెంకు గ్రుచ్చుకొన్నది, అతని తోడివాడు పిన్నీసుతో దానిని తీసెను. సాయంకాలము నాలుగున్నరవరకు ఆ నీడను విడువలేదు. రాత్రి తొమ్మిదింటికి లక్షెట్టిపేట. ఆ నడుమ ఇరువది కిలోమీటర్ల మేర ముప్పదిమంది నిలువదగిన నీడ మేమెన్నిసారులు చూచితిమో వ్రేళ్లపై లెక్కింపవచ్చును.

ఇది దైవభక్తికి సంబంధించిన చింత మాత్రమే యని తలపరాదు. 2022లో భారతదేశమున రహదారి ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. అందులో 32,825 మంది నడచిపోవువారు. అనగా ప్రతి యైదుగురిలో ఇంచుమించు నొకరు. వీరేమియు నడిపినవారు కారు, వేగముగ పోయినవారు కారు. 2025 మే నెలలో సర్వోన్నత న్యాయస్థానము, కాలిబాటపై నడచు హక్కు రాజ్యాంగములోని 21వ అనుచ్ఛేదముననుసరించి జీవించు హక్కులోని భాగమేయని చెప్పి, కాలిబాటల విషయమున మార్గదర్శకములు చేయుడని రాష్ట్రములను ఆదేశించెను. పట్టణమున కాలిబాటను దుకాణము మ్రింగినదని ఫిర్యాదు. పల్లెత్రోవలో మ్రింగుటకైనను కాలిబాట లేదు.

ఈ త్రోవకు బాధ్యుడెవడని యడిగిన జవాబు చిక్కుముడి వంటిది. రహదారి కేంద్రప్రభుత్వముది. దేవాలయము రాష్ట్ర దేవాదాయశాఖది. నడచువాడు సింగరేణివాడో, రైతో, కూలీయో. లారీ ఎవనిదో. జిల్లా రెండు. ఒక్కొక్కరు తమ హద్దువరకు సరిగనే యున్నారు. హద్దుల నడుమ మనిషి నడచుచున్నాడు. కొండ క్రింద జరిగిన ఘోరము మన మింకను మఱవలేదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటుదారిలో ఆర్.టి.సి. బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిరి; నూఱుమందికి పైబడి ఎక్కిన బస్సది; మృతులలో పెక్కుమంది చుట్టుపట్ల పల్లెల స్త్రీలు. అప్పుడు ఘాటుదారి మలుపులను గూర్చి, బస్సు వయస్సును గూర్చి, జనభారమును గూర్చి చర్చ జరిగినది. అది జరుగవలసినదే. కాని చర్చ జరుగుటకు అంతమంది యొక్కసారిగా చావవలసివచ్చినది. రహదారి అంచున ఒక్కొక్కడుగా పోవువాడు చర్చకు చాలడు.

ఇది అసాధ్యకార్యమని యెవరైన అందురేమో. మహారాష్ట్రమును చూడుడు. ఆళందినుండి పండరిపురమునకు జ్ఞానేశ్వర మహారాజు పాలకీ, దేహూనుండి తుకారాము పాలకీ ఏటేట జ్యేష్ఠమున బయలుదేరును. వారకరులు లక్షలసంఖ్యలో ఇంచుమించు మూడువారములు నడతురు. 2021 నవంబరు 8న ఆ రెండు త్రోవలను నాలుగు వరుసల జాతీయ రహదారులుగ విస్తరించుటకు ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి. అందు రహదారికి ఇరువైపుల పాలకీతో నడచువారికై ప్రత్యేకముగ నడకబాట ప్రణాళికలోనే చేర్చబడినది. అదియు జాతీయ రహదారియే, ఇదియు జాతీయ రహదారియే. మనవారి సంఖ్య తక్కువ కావచ్చును. అరికాలు మాత్రము అదియే. స్పెయిను దేశమున సంతియాగో క్షేత్రమునకు పోవు పురాతనమైన కాలిత్రోవను 1987లో ఐరోపా మండలి తన మొట్టమొదటి సాంస్కృతిక మార్గముగ ప్రకటించినది. నడచువానికి గుర్తుపలకలు, బసలు నేడును అచ్చట గలవు. కారుల దేశములే కాలిత్రోవను కాపాడుకొనుచుండగా, కాళ్ల దేశమైన మనము దానిని పోగొట్టుకొనుచున్నాము.

మనకు పూర్వము లేనిదియు కాదిది. బాటప్రక్కన మఱ్ఱి నాటించుట, బావి త్రవ్వించుట రాజధర్మమని అశోకుడు స్తంభముమీద చెక్కించెను. 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి హైదరాబాదు మీదుగ గోదావరి దాటి నాగపురము పోయిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తమ కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకి నీటివసతి, దిగుటకు చోటు, బాట యెట్టిదో వ్రాసియుంచిరి. వారు పల్లకీలో పోయిరి, నడచినవారు బోయీలు. ఆ మాట వేరు. అయినను, ఒక ప్రయాణికునికి త్రోవను గూర్చి తెలియవలసినది ఏమో వారికి తెలిసియుండెను. నేటి రహదారి పటములో టోలుగేట్లు, పెట్రోలుబంకులు దొరకును. నీడ యెచ్చటనున్నదో దొరకదు.

ఇక రెండు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. మొదటిది: బస్సులుండగా నడచుట యేల? 2023 డిసెంబరు 9 నుండి ఈ రాష్ట్రమున స్త్రీలకు బస్సుప్రయాణము ఉచితము గదా! నిజమే. అందువలననే యీ నడక మఱింత గౌరవింపదగినది. పూర్వము కాసులేక నడచినవాడును కలడు. నేడు నడచువాడు బుద్ధిపూర్వకముగ నడచుచున్నాడు. సంవత్సరమంతయు యంత్రముతో పరుగెత్తినవాడు మూడు దినములు తన కాలి వేగమున బ్రదుక గోరుచున్నాడు. రెండవది: ఒక మతమువారి కొఱకు ప్రజాధనమున బాట వేయవచ్చునా? ఈ ప్రశ్న అడుగువారు ఆ బాటమీద మిగిలిన మూడువందల యరువది దినములు ఎవరు నడతురో చూచియుండరు. బడికిపోవు పిల్లలు, పత్తియేరుటకు పోవు కూలీస్త్రీలు, గొఱ్ఱెలకాపరులు, తెల్లవారి షిఫ్టునకు పోవు కార్మికులు. కాలికి మతము లేదు. దీక్షితులు ఏటికి రెండుమార్లు గుంపుగ నడచుటచే ఆ లోపము మనకంట బడినది, అంతియే.

దీక్షితుల పక్షము వహించుచున్నామని వారి తప్పులను దాచము. చీకటిలో కాషాయము నల్లగనే కనబడును. ముప్పదిమంది నలుగురేసి వరుసగ నడచుట ఆత్మహత్యాసదృశము. ఎదురుగ వచ్చు బండి కనబడునట్లు కుడిప్రక్కన ఒంటివరుసగ నడువవలెనని నియమము చెప్పుచుండగా, అలవాటు చొప్పున ఎడమప్రక్కనే వెన్ను చూపి నడచుచున్నారు. కొన్ని బృందములవెంట ట్రాలీలో పెట్టి తెచ్చు డీజే పెట్టెల మ్రోత వెనుక లారీకూత వినబడదు. సర్దారు గనిలో ఒప్పుకొనని అవ్యవస్థను రహదారిపై ఒప్పుకొనుచున్నాడు. ఈ పత్రిక చదువు గురుస్వాములు బృందమునకు రెండు మెఱయు చొక్కాలు, ముందొకటి వెనుకొకటి ఎఱ్ఱదీపములు కొనిపెట్టినచో ఏ శాఖ ఉత్తరువును వేచియుండనక్కరలేదు.

మిగిలినది ప్రభుత్వపు పని. దానికి నేడొక అవకాశమున్నది. ఆర్మూరు, జగిత్యాల, మంచిర్యాలల నడుమ నాలుగు వరుసల రహదారి ప్రతిపాదన కలదు. అది చాలచోట్ల ఊళ్లకు వెలుపలగ పొలములనుండి పోవునట్లు గీయబడుటచే, భూమి కోల్పోవు రైతులు ఆందోళన చేయుచున్నారు. వారి మొఱ న్యాయమైనది. పరిహారము సంగతి వేరొకమారు విపులముగ వ్రాయుదుము. ఇచ్చట మేము చెప్పునది పాత రహదారిని గూర్చి. లారీలు క్రొత్తదారి కెక్కినపిదప ఊళ్లగుండ పోవు ఈ రెండు వరుసల దారి యేమగును? దానిని అట్లే వదలివేసినచో అంగళ్లు ఆక్రమించును. ఒకప్రక్క ఆరడుగుల వెడల్పున మట్టిబాట తీర్చి, కంకర లేకుండ ఎఱ్ఱమట్టి పఱచి, చింతయో వేపయో కానుగయో నాటి, అయిదు కిలోమీటర్లకొక నీటికొళాయి, పదింటికొక రేకుపందిరి వేయుటకు క్రొత్తగ గుంటెడు భూమియైనను సేకరింపనక్కరలేదు. చెట్టు నీడ యిచ్చుటకు పదేండ్లు పట్టును. పందిరి పదిదినములలో లేచును. క్రొత్తదారి పటములోను వంతెనలవద్ద, కూడళ్లవద్ద నడచువానికి అడ్డదారి గీయకపోయినచో మరల అదే కథ.

కాలమును గూర్చియు తొందర కలదు. 2027లో గోదావరికి పుష్కరములు రావలసియున్నవి. 2015 పుష్కరములలో ధర్మపురికి వచ్చిన జనసమ్మర్దమును చూచినవారికి ఈ రాయపట్నపు త్రోవమీద అప్పుడేమి జరుగగలదో చెప్పనక్కరలేదు. స్నానఘట్టములకు అంచనాలు తయారగునప్పుడే త్రోవకును అంచనా వేయింపవలెను; ఘట్టముల మెట్లకు కాంట్రాక్టరు దొరకిన పిమ్మట త్రోవను తలచుకొనువాడుండడు.

లక్షెట్టిపేట, దండేపల్లి, ధర్మపురి ప్రాంతముల భూస్వాములలో ఈ పత్రిక చదువువారు చాలమంది కలరు. రహదారికి ఆనుకొని బావియో బోరో యున్నవారు చైత్రమున పదిదినములు గట్టుమీద నొక కొళాయి బిగించి, మోటారు గదికి ముందు రెండు చాపలు పఱచిన చాలును. మేము ఆగిన తోటలో చేసినది అంతియే. దానికి ఆ తోటయజమాని మమ్ము పేరడుగలేదు, మేమును అతనిపేరు అడుగలేదు.